మూడు తాళాల ఫైలు

మా ఆఫీసు బస్టాండు వెనక వీధిలో, మందుల దుకాణం పైన ఉండేది. మూడు గదులు. మొదటి గదిలో ఫోను, దాని ముందు ఫోనక్క. రెండో గదిలో ఇంటి తనిఖీవాళ్లం నలుగురం, నాలుగు బల్లలు, గోడ పొడుగునా ఇనప బీరువాలు. మూడో గదిలో మా అధికారి. ఆయన పేరు బోర్డు మీద పెద్దక్షరాలతో ఉన్నా అందరూ రేపు సారు అనేవాళ్లు. ఏ కాగితం తీసుకెళ్లినా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే కాబట్టి. ఫలానా ఇంట్లో పిల్లల్ని కొడుతున్నారనీ, తిండి పెట్టడం లేదనీ ఇరుగుపొరుగువాళ్లు ఫోను చేస్తే, ఆ ఇంటికి వెళ్లి చూసి రాయడం మా పని.

నేను చదివింది పదో తరగతి. అటెండరుగా చేరి, పదకొండేళ్లకు తనిఖీ పనికి వచ్చాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చన్నీళ్లు పోసుకునేవాణ్ణి. చెప్పిన వేళకు చెప్పిన చోట ఉండేవాణ్ణి. మావాళ్లలో ఇద్దరు టీ బంకులో కూర్చునే తనిఖీ కాగితాలు నింపేసేవాళ్లు. వాళ్లతో కలిసి నేను టీ కూడా తాగలేదు. వాళ్లు నన్ను స్వాములవారు అని వెక్కిరించేవాళ్లు. నేను పట్టించుకోలేదు. ప్రతి ఇంటికీ నా కాళ్లతో నడిచి వెళ్లాను. కళ్లతో చూసిందే రాశాను. చెవిన పడింది రాయలేదు. చెవిన పడేదాంట్లో సగం పుకారే ఉంటుందని నా నమ్మకం. ఆ నియమం చూసుకుని చాలా గర్వపడేవాణ్ణి.

ఆఫీసుకూ ఒక నియమం ఉండేది. వెళ్లిన ఇంటికి తాళం ఉంటే 'తాళం' అని రాసి రావాలి. ఇంకోరోజు మళ్లీ వెళ్లాలి. మూడుసార్లూ తాళమే ఉంటే ఆ ఇంట్లో మనుషులు ఉండటం లేదని లెక్క, ఫైలు మూసేయాలి. వాటిని మూడు తాళాల ఫైళ్లు అనుకునేవాళ్లం. ఉన్న బీరువాల్లో ఒకటి పూర్తిగా వాటితోనే నిండిపోయింది.

అలా మూసిన ఫైళ్లలో ఒకటి నాది.

మూడంతస్తుల పాత కట్టడం. పై అంతస్తులో చివరి వాటా. ఎదురు వాటాలో బట్టలు కుట్టుకునే ఆవిడ ఉండేది, ఒంటరి మనిషి, నోరు గట్టిది. ఫిర్యాదు చేసింది ఆవిడే. ఎదురింట్లో ఎనిమిదేళ్ల పిల్లను పొద్దున లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్తారనీ, సాయంత్రం వచ్చాక ఏడుపు వినిపిస్తుందనీ, ఆ ఏడుపు అల్లరి చేస్తే రెండు వేసినప్పటి ఏడుపు కాదనీ చెప్పింది. తండ్రి బడి వ్యాను నడుపుతాడు. వీధిలో పిల్లలందరికీ ఆయనంటే ఇష్టం. తల్లి మాత్రలు ప్యాకింగు చేసే చోట పని. ఇద్దరూ తొమ్మిదికి వెళ్తే మళ్లీ ఆరున్నరకే రావడం. మా తనిఖీ వేళలు పదకొండు నుంచి నాలుగు.

మొదటిసారి తాళం. రెండోసారి తాళం.

మూడోసారి వెళ్లినప్పుడు కుట్టుపని ఆవిడ మెడలో టేపు వేసుకుని వాకిట్లోకి వచ్చింది. పిల్ల లోపలే ఉందయ్యా అంది. చూశారా అని అడిగాను. చూడలేదు, వింటున్నాను అంది. విన్నది రాయనమ్మా అన్నాను. అప్పుడే తలుపు కింది భాగంలో, నా మోకాలి ఎత్తున, లోపలి నుంచి ఎవరో వేలితో కొట్టారు. మూడుసార్లు. మెల్లగా. ఆవిడ నా ముఖం చూసింది. నేను తాళం చూశాను. ఇత్తడి తాళం, కొత్తది. నాకు కనబడింది అదే.

'తాళం' అని రాసి, వేళ వేసి, సంతకం పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పంతొమ్మిదో రోజున ఆ పిల్ల చనిపోయింది. మెట్ల మీద నుంచి పడిందని తండ్రి చెప్పాడు, తల మీద గాయం ఉంది, అంతా ఒప్పుకున్నారు. పడిందన్న వేళ మధ్యాహ్నం రెండు. ఆ వేళప్పుడు తలుపు తాళం వేసే ఉండేదని నాకు తెలుసు. తాళం వేసిన ఇంట్లోంచి పిల్ల మెట్ల దాకా ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఫైలు అప్పటికే మూసేశాం కదా, మన నెత్తి మీదకు రాదు అని రేపు సారు అందరికీ ధైర్యం చెప్పాడు.

ఐదు నెలలు గడిచాయి. వానలు మొదలయ్యాయి. ఒక సోమవారం ఫోనక్క నా బల్ల దగ్గరకు వచ్చి, ఎవరో చిన్నపిల్ల ఫోను చేసిందని చెప్పింది. చెల్లిని కట్టేస్తున్నారట. చిరునామా అడిగితే చెప్పిందట. అది ఆ వాటాదే.

ఆ ఇంట్లో ఉన్నది చనిపోయిన ఆ పిల్ల ఒక్కతేనని ఫిర్యాదు కాగితంలో ఉంది. ఎవరో పోకిరీలు ఆడుకుంటున్నారు అన్నాను. మంగళవారం అదే వేళకు మళ్లీ ఫోను వచ్చింది. బుధవారం మోగగానే ఫోనక్క నన్ను పిలిచి రిసీవరు నా చేతికిచ్చింది.

అవతల ఏ చప్పుడూ లేదు. వీధి మోత, ఫ్యాను మోత, ఊపిరి... ఏదీ లేదు. గోనెసంచిలో తల పెట్టినట్టు ఉంది. ఆ తర్వాత, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టు,

"తాళం వేసి ఉంటుంది సార్. అయినా రండి."

నేనెవరో నేను చెప్పలేదు. హలో కూడా అనలేదు.

రేపు సారు గదిలోకి వెళ్లి ఫైలు తిరిగి తెరవాలని అడిగాను. మూసిన ఫైలు తెరవాలంటే కొత్త సంగతి ఉండాలి, అది రాతపూర్వకంగా ఉండాలి, ఫోను చేసిన మనిషి పేరు ఉండాలి అన్నాడు. పేరు చెప్పలేదన్నాను. ఆయన నవ్వి, చచ్చినవాళ్ల ఫిర్యాదులు కూడా తీసుకుంటే ఇంకో బీరువా కొనాలయ్యా స్వామీ, రేపు చూద్దాంలే అన్నాడు.

ఉద్యోగంలో చేరాక మొదటిసారి నేను అనుమతి లేకుండా బయటికి నడిచాను. నాలుగు దాటింది. వాన పడుతోంది. ఆ కట్టడం చేరేసరికి కరెంటు పోయింది. పగలే, కానీ మెట్ల దారిలో కిటికీలు లేవు. గోడను తడుముకుంటూ ఎక్కాను. గోడ తడిసి మెత్తగా ఉంది, వేళ్లకు సున్నం అంటుకుంటోంది. మొదటి అంతస్తులో ఎవరో రేడియో బ్యాటరీ మీద పెట్టుకున్నారు, రెండో అంతస్తుకు వెళ్లేసరికి ఆ పాట సన్నబడింది. మూడో అంతస్తు మెట్టెక్కగానే వాన చప్పుడు కూడా ఆగిపోయింది. వాన ఆగలేదు. వరండా చివర పడుతూ కనిపిస్తూనే ఉంది. చప్పుడే లేదు.

తలుపు దగ్గర ఫినాయిలు వాసన. దాని కింద ఇంకో వాసన, మూత్రం ఇంకిన చాపది. ఇత్తడి తాళం ఇప్పుడు నల్లబడింది.

నేను కొట్టాను.

తర్వాత లోపలి నుంచి... మోకాలి ఎత్తున... మూడుసార్లు.

నా జేబులో తనిఖీ కాగితం ఉంది, కలం ఉంది. నా కుడి చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. ఇది ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్ల తనిఖీలో చేతికి పట్టిన అలవాటు అది. ఆ చేతిని ఎడమ చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కున్నాను. కిందికి వంగి, తలుపు సందు దగ్గర నోరు పెట్టి, ఎవరమ్మా అన్నాను.

"చెల్లి పడుకుంది. గట్టిగా మాట్లాడకండి."

తలుపు తియ్యమ్మా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. భయంలో మనిషికి బుద్ధి ఉండదు.

లోపల కాసేపు మౌనం. పిల్లలు పెద్దవాళ్ల తెలివితక్కువతనానికి విసుగు పడి, దాన్ని చూపించకుండా ఆపుకున్నప్పుడు ఉండే మౌనం.

"తాళం మీవైపే ఉంది సార్."

నేను లేచి ఎదురు తలుపు కొట్టాను. కుట్టుపని ఆవిడ కొవ్వొత్తితో తీసింది. నన్ను గుర్తుపట్టి, గడప దాటకుండా నిలబడి, రండి స్వామీ, మూడుసార్లు వచ్చి తాళానికి దండం పెట్టి వెళ్లారు, నాలుగోసారి హారతి ఇవ్వడానికి వచ్చారా అంది. నేను సుత్తి ఉందా అని అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి మిషను కింద నుంచి సుత్తి తెచ్చి, కొవ్వొత్తి ఎత్తి పట్టుకుంది.

చెల్లి ఉందన్న మాట నిజమేనని అప్పుడు చెప్పింది. నాలుగేళ్లది. ఇన్నాళ్లూ అమ్మమ్మ దగ్గర పెరిగింది, అమ్మమ్మ మంచాన పడటంతో రెండు నెలల కింద ఇక్కడికి తెచ్చారు. నోట మాట రాదు. మరి ఫోను ఎందుకు చేయలేదమ్మా అన్నాను. ఎవరికి చెయ్యాలి అంది.

ఐదు దెబ్బలకు తాళం ఊడింది. తలుపు తోశాను. అరచెయ్యి పట్టేంత తెరుచుకుని ఆగింది. లోపల ఏదో ఆనుకుని ఉంది. బరువైనది కాదు... మెత్తగా ఉంది. తలుపుకు వీపు ఆనించి కూర్చున్న మనిషిలా. నేను తోయడం మానేశాను. అప్పుడు అది తనంతట తాను లేచింది. నేల మీద అరికాళ్లు ఆనిన చప్పుడు విన్నాను. ఒక అడుగు. ఇంకొకటి. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

కొవ్వొత్తి వెలుగులో గది ఖాళీ. కిటికీలకు అట్టలు పెట్టి మేకులు కొట్టి ఉన్నాయి. తలుపు లోపలివైపు, కింద, రంగు చెక్క దాకా అరిగిపోయి గుండ్రటి మచ్చ పడి ఉంది.

పాప రెండో గదిలో, మంచం కోడుకు కట్టేసి ఉంది. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. పెదాలు పగిలి ఉన్నాయి. నేల మీద పడుకున్నా తల నేలకు ఆనలేదు. నాలుగు వేళ్ల ఎత్తులో ఉంది, ఎవరి ఒళ్లోనో పెట్టుకున్నట్టు. నేను దగ్గరకు వెళ్లగానే మెల్లగా నేల మీదకు దిగింది. ఒంటి మీద గౌను రోజుల తరబడి మార్చలేదు. జుట్టు మాత్రం పాపిడి తీసి, రెండు జడలు, ఇప్పుడే వేసినట్టు ఉన్నాయి.

కుట్టుపని ఆవిడ తాడు పట్టుకుని చూసింది. ఆవిడ కంటికి కొలత తప్పదు. మూరన్నర, తలుపు దాకా రాదు అంది. ఆ తర్వాత మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ముడి విప్పి పాపను భుజాన వేసుకుని, వానలో ఆసుపత్రి దాకా నడిచాను.

పాప బతికింది. ఇక్కడితో కథ అయిపోవాలి. దెయ్యం వరకే అయితే అయిపోయేది.

ఎనిమిది రోజులకు కమిటీ కూర్చుంది. పాపను తల్లిదండ్రులకు ఇవ్వాలా, ఆశ్రమానికి పంపాలా తేల్చడానికి. ముగ్గురు సభ్యులు, పొడుగాటి బల్ల. తండ్రి, ఆ వ్యాను డ్రైవరు, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పాపకు మూర్ఛలు వస్తాయనీ, పెద్దదాని లాగే ఎక్కడ పడిపోతుందోనని కట్టేశామనీ, ఒక పిల్లను పోగొట్టుకున్నవాడి బాధ మీకు తెలియదనీ చెప్పాడు. సభ్యుల్లో ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

లోపలికి పిలిచే ముందు కుట్టుపని ఆవిడ నన్ను వరండాలో ఆపింది. అయ్యా, కళ్లతో చూసిందే చెప్పండి, తాడు చెప్పండి, మంచం చెప్పండి, అట్టలు చెప్పండి, మిగతాది మింగేయండి అని బతిమాలింది. ఆ నోరుగల మనిషి నా చెయ్యి పట్టుకుని బతిమాలింది.

నేను వినలేదు. విన్నది దాచడం వల్లే ఒక పిల్ల పోయింది, ఇకనుంచి చూసిందీ విన్నదీ అంతా చెబుతాను అని ఆసుపత్రిలో పాప పక్కన కూర్చుని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు పెట్టుకుంటే తప్పేవాణ్ణి కాదు నేను. సభ్యుల ముందు నిలబడి తాడు చెప్పాను, మంచం చెప్పాను. అంతదాకా వాళ్లు రాసుకుంటున్నారు. తాళం ఎందుకు పగలగొట్టావు, లోపల మనిషి ఉన్నట్టు నీకెలా తెలుసు అని పెద్దాయన అడిగాడు. ఫోను సంగతి చెప్పాను. తలుపు అవతల గొంతు చెప్పాను. ఎవరి గొంతు అన్నాడు.

"చనిపోయిన పెద్దపిల్లది సార్," అన్నాను.

ముగ్గురూ కలాలు కింద పెట్టారు.

వరండాలో కుట్టుపని ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆవిడను లోపలికి పిలవనే లేదు. లోపల నా వెనక కూర్చున్న రేపు సారు లేచి, ఈ ఉద్యోగి కొంతకాలంగా మనసు బాగోలేక ఉన్నాడనీ, అనుమతి లేకుండా పరాయి ఇంటి తాళం పగలగొట్టాడనీ, అలా చూసింది తనిఖీ కిందకు రాదనీ విన్నవించుకున్నాడు. ఆ రోజు మాత్రం ఆయన రేపు అనలేదు. పదిహేను నిమిషాల్లో తీర్పు అయిపోయింది. పాప తల్లిదండ్రుల దగ్గరే ఉంటుంది. నెలకోసారి తనిఖీ. పనివేళల్లో.

నా ఒట్టు నిలబెట్టుకున్నాను. పాపను అప్పగించాను. నీతిగా బతికానని చెప్పుకునే మనిషిని ఎవరినైనా చూస్తే ఇప్పుడు నాకు భయం వేస్తుంది.

ఆసుపత్రి నర్సు పాపను కమిటీ ఆఫీసుకు తీసుకొచ్చింది. అప్పగించే కాగితంలో ఆ ఉదయం తూచిన బరువు రాసి ఉంది, పదకొండు కిలోల మూడు వందల గ్రాములు. దాని మీద సాక్షి సంతకం నాదే. పాప ఏడవలేదు. తండ్రి చేతులు చాపగానే వెళ్లింది. అతను ఎత్తుకోబోయి ఆగాడు. మళ్లీ ఎత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆసుపత్రి తిండికి దుక్కలా తయారైందే అని నవ్వాడు. మేమెవరం నవ్వలేదు.

మెట్ల దగ్గర నిలబడి చూశాను. పట్టపగలు, పన్నెండు కావస్తోంది, ఎండ బాగా ఉంది. చంకన పాపతో అతను ఒక్కో మెట్టూ దిగి ఆగుతున్నాడు. గోడ పట్టుకుంటున్నాడు. నాలుగో మెట్టుకే చొక్కా వీపున అతుక్కుపోయింది. తల్లి రెండు మెట్లు ముందు దిగి, చెప్పులు తొడగడం మరిచిపోయానని వెనక్కి తిరిగింది. కింది మెట్టు మీద నిలబడి, వేలాడుతున్న పాప కాళ్లు రెండూ చేతుల్లోకి తీసుకుని, ఒకదానికి చెప్పు తొడిగి బకిలు పెడుతోంది. పాప తండ్రి భుజం మీదుగా నన్ను చూస్తోంది. నన్ను కాదు, నాకూ తనకూ మధ్య, చాలా దగ్గరగా ఉన్నదాన్ని చూస్తోంది.

అతను ఊపిరి తీసుకోవడానికి నోరు తెరిచాడు. ముఖం నల్లబడింది.

"కాళ్లు అలా బిగించకమ్మా..." అన్నాడు మెల్లగా. "నడుం నొప్పి పుడుతోంది. వదులు."

పాప కాళ్లు రెండూ తల్లి చేతుల్లోనే ఉన్నాయి.